ఎడారి దారిలో తాగని కాఫీ

ఖత్రానా,
అక్టోబరు మొదటి వారం

బావమరిది ఔదేకి,

మొన్న తెల్లవారుతుండగా నీ పచ్చ లారీ నా హోటలు ముందునుంచి దూసుకుపోయినప్పుడు నీ కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా? తెరిచే ఉన్నాయంటావా? అయితే రోడ్డు పక్కన నిలబడి నేను ఊపింది ఏమిటో చెప్పు.

గొంతు చించుకుని అరిచాను. ఆగలేదు. హారనైనా కొట్టలేదు. నీ తల ముందుకి వాలి మళ్ళీ లేచింది. మీ అక్క వర్దా కిటికీలోంచి చూసి, "వాడు పాట పాడుకుంటున్నాడేమో" అంది. పాటకి అలా తల ఊపేవాణ్ణి నేను బోధించే ఆదివారం ఆరాధనలో చూశాను. వాడు గురక పెడుతున్నాడు.

కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకి పిట్టగోడ కట్టి తీరాలని మోషే ధర్మశాస్త్రం. గోడ లేక ఎవడైనా పడి చస్తే ఆ రక్తం ఇంటాయన మీదే. మరి నీ లారీకి పిట్టగోడ ఏదిరా? నిద్రే పిట్టగోడ! అమ్మాన్‌లో బస్తాలు దించి అఖబా ఓడరేవుకి ఖాళీగా దిగుతూ నా దగ్గర ఆగు. బల్ల ఉంది, దుప్పటి ఉంది, చిక్కుడు గింజలు పొయ్యి మీద ఉన్నాయి. మనిషిలా పడుకుని మనిషిలా పో.

ఇంకో సంగతి. అదే పొద్దున వంతెన దగ్గరున్న మన హోటలు బోర్డు కూలిపోయింది. "భారం మోసేవాళ్ళారా, ఇటు రండి, విశ్రాంతి ఉంది" అని నా చేత్తో రాసుకున్న రేకు బోర్డు. గాలికి పడిందని మీ అక్క అంటుంది. సాతాను పని అని నేనంటాను.

ఈ ఉత్తరం మీ యార్డు డ్రైవరు సాలిం చేత పంపుతున్నాను. వాడు ఆగుతాడు, తింటాడు, ఆవలిస్తాడు. క్రైస్తవుడు కాకపోయినా నీకంటే నయం.

మీ బావ,
గత్తాస్


అఖబా, లారీల యార్డు,
అక్టోబరు

బావగారికి,

దేవుడు మీ గొంతుకి ఆరోగ్యమివ్వాలి. అది ఉత్తరంలో కూడా వినబడుతుంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి బావా. మిమ్మల్ని చూశాను కూడా. ఊపింది గరిటె. మీ చేతిలో గరిటె కాక ఇంకేముంటుంది?

ఆగనందుకు కోపం వద్దు. ఇక్కడి సంగతి మీకు తెలియనిది కాదు, తెలిసీ మర్చిపోతారు. ఖాళీ లారీతో ఈ గేటు దగ్గరికి ఎవడు ముందొస్తే ముందు లోడు వాడిది. ఇక్కడ వరస అంటే అంతే. నేను మీ బల్ల మీద ఒక కునుకు తీస్తే, ఆ కునుకులో యార్డులో సగంమంది నన్ను దాటిపోతారు. ఆ తర్వాత ఈ రేకుల కింద ఈగలు తోలుకుంటూ రోజులకి రోజులు కూర్చోవాలి. లారీ నిలబడితే, లోడు ఎక్కించే చక్కెర వర్తకుడికి నష్టం లేదు. టైరు నాది, డీజిలు నాది, ఎదురుచూసే పెళ్ళాం నాది. వాడు టన్నుకింత అంటాడు, ఎవడు ముందుంటే వాడితో బేరమాడతాడు.

పోనీ నేనొక్కణ్ణే బుద్ధిమంతుణ్ణయి నిద్రపోయాననుకోండి. మిగతావాళ్ళు పరిగెత్తుతూనే ఉంటారు. దారి ఏమీ బాగుపడదు, నేను మాత్రం చెడతాను. మీ మోషేగారు లారీల వరస గురించి ఏమైనా చెప్పాడేమో వెతికి రాయండి, తలకెక్కించుకుంటాను.

బోర్డు సంగతి విని బాధపడ్డాను. గాలే అయ్యుంటుంది.

మా ఆవిడ సల్మా వర్దా అక్కకి ముద్దులు పంపింది. ఈ చలికాలానికి ఫ్రిజ్ కొంటానని దానికి మాటిచ్చాను. నవ్వకండి. అఖబాలో చలికాలం కూడా ఎండాకాలమే.

ఔదే


ఖత్రానా,
అక్టోబరు చివర

ఔదే,

గరిటె కాదురా! మీ అక్క ఎర్ర దుప్పటి! రెండు చేతుల్తో, పెళ్ళిలో చాపీ నాట్యం చేసేవాడిలా ఊపాను. ఆ దుప్పటి మాన్ నుంచి కూడా కనబడుతుంది. నీకు కనబడలేదు. ఇక నాకు సాక్ష్యం అక్కర్లేదు.

బిలాముకి దారిలో ఏమైందో గుర్తు చేసుకో. కత్తి దూసిన దూత దారికడ్డంగా నిలబడితే గాడిదకి కనబడింది, పైన కూర్చున్న ప్రవక్తకి కనబడలేదు. గాడిద ఆగింది, వీడు దాన్ని కొట్టాడు. నీ లారీ ఆ గాడిదంత మంచిది కాదు. నువ్వు నిద్రపోతే అది ఆగదు.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. నీ ఉత్తరం చదివి మొదట మండిపడ్డాను. తర్వాత ఇక్కడ ఆగే డ్రైవర్లని అడిగాను. అందరిదీ ఒకటే పాట. "బోధకుడుగారూ, మీ మాట నిజమే, లెక్క మాత్రం వరసది." నిన్నొక్కణ్ణే పట్టుకుని పిట్టగోడ కట్టమంటే అది ఒక్క ఇటుకతో గోడ లేపమన్నట్టే. ఇల్లు నీది కాదు. వరసే ఆ ఇల్లు. ఆ ఇంటికి పెద్ద, మీ యార్డు నడిపే అబూ నాయిఫ్. గోడ కట్టాల్సింది ఆయన.

కాబట్టి పెద్దమనుషులతో వస్తున్నాను. మసీదు ఇమాం షేక్ ముఫ్లిహ్ ఒప్పుకున్నాడు, మన ఊరి పెద్ద ముఖ్తార్ ఒప్పుకున్నాడు. మీ అక్కని అడగడానికి మావాళ్ళు మీ ఇంటికొచ్చినప్పుడు ఎలా జరిగిందో అలాగే. మీ నాన్న పోసిన కాఫీ అందుకున్నాం, తాగకుండా ముందు పెట్టుకున్నాం. ఆయన "సరే, ఇచ్చాను, తాగండి" అనేదాకా పెదవి తడపలేదు. వచ్చినవాళ్ళు తన గుమ్మంలో కాఫీ ముట్టకుండా పోయారన్న మాట ఏ ఇంటాయనా పడలేడు. అబూ నాయిఫ్ అసలే పడలేడు.

మాట్లాడేది నేనే.

గత్తాస్


అఖబా,
నవంబరు

బావా,

రావద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు.

యార్డులో అప్పుడే కూతలు మొదలయ్యాయి. "గత్తాస్‌కి లారీలు ఆగాలట, చిక్కుడు గింజలు చల్లారిపోతున్నాయట" అంటున్నారు. సాలిం నా ముందే అన్నాడు, "మీ బావ సువార్తకి ఉల్లిపాయ వాసనేస్తుంది" అని. నేను వాణ్ణి కొట్టబోయాను. కొట్టలేదు. వాసన నిజమే కదా.

అన్నిటికీ మించి, మాట్లాడేది మీరా? షేక్ ముఫ్లిహ్‌ని మాట్లాడనివ్వండి. ఆయనకి ఎక్కడ ఆపాలో తెలుసు.

మీరొచ్చే రోజు నేను అమ్మాన్ దారిలో ఉంటాను. నా వరస వచ్చింది. కావాలని కాదు.

ఔదే


ఖత్రానా,
నవంబరు మధ్య

ఔదే,

కావాలనే పోయావు. మంచిపని చేశావు. అక్కడుంటే సిగ్గుతో సముద్రంలో దూకేవాడివి.

ఇంకెవడో ఉప్పూకారం వేసి చెప్పకముందే నేనే రాస్తున్నాను.

అబూ నాయిఫ్ ఇల్లు నిండిపోయింది. అటు యార్డు పెద్దలు, ఇటు మేము. కాఫీ వచ్చింది. ముగ్గురం అందుకున్నాం, ముగ్గురం కింద పెట్టాం. ఆయన మీసం సవరించుకుని, "చెప్పండి, మీ అవసరమేమిటి? కాఫీ చల్లారుతోంది" అన్నాడు. అంతా పద్ధతిగానే ఉంది.

నేను లేచాను. "పెద్దాయనా, ఈ కొండల్లో ఒకప్పుడు ఏశావు కాపురమున్నాడు. ఆయన తమ్ముడు యాకోబు మందతో వస్తుంటే, 'పద, కలిసి పోదాం' అన్నాడు. యాకోబు ఏమన్నాడు? 'అన్నా, నువ్వు ముందు పో. నా వెంట పసివాళ్ళున్నారు, పాలిచ్చే గొర్రెలున్నాయి. ఒక్కరోజు తరిమి తోలితే మంద అంతా చస్తుంది. నేను మందనడకన నెమ్మదిగా వస్తాను' అన్నాడు. నీ డ్రైవర్లు నీ మంద కాదా?" అని అడిగాను.

ఔదే, ఆయన మీసం వణికింది. గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టినవాడు. ఆ ముక్క సూటిగా గుండెలోకి దిగింది. షేక్ ముఫ్లిహ్ నా అంగీ అంచు పట్టి లాగాడు, ఇక చాలు, కూర్చో అని.

కూర్చోలేదు. ఆత్మ నన్ను పట్టుకుంది. ఏ ఆత్మో ఇప్పుడు చెప్పలేను. రథాన్ని పిచ్చివాడిలా తోలిన యెహూని తెచ్చాను. అక్కణ్ణుంచి, మోషేని తరుముకొచ్చిన ఫరో రథాల మీదికి పోయాను. "చక్రాలు ఊడిపోయాయి! గుర్రాలు మునిగాయి! ఎక్కడో కాదు, ఈ సముద్రంలోనే, మీ కిటికీలోంచి చూడండి!" అని చెయ్యి చాచాను. అందరూ నిజంగానే కిటికీ వైపు తిరిగారు. గొంతు ఎండిపోయింది. చెయ్యి దానంతటదే కిందికి పోయి ఏదో తీసుకుంది. నోట్లో ఏలకుల రుచి తగిలాక గానీ నాకు తెలియలేదు.

తాగేశాను.

ముఖ్తార్ తలపాగా మొహం మీదికి లాక్కున్నాడు.

అబూ నాయిఫ్ నన్ను చూసి, "కాఫీ బాగుందా?" అన్నాడు.

"బాగుంది" అన్నాను. అబద్ధమాడకూడదు కదా.

"ఇంకో కప్పు?"

ఇల్లు కూలిపోయేలా నవ్వారు. తాగితే అడిగింది వదులుకున్నట్టే, పసివాడికి కూడా తెలుసు. తర్వాత మాంసం అన్నం, మన్సఫ్ పెట్టారు, పెద్ద అతిథికన్నట్టు గొర్రె తలకాయ నా వైపు తిప్పి మరీ పెట్టారు. తిన్నాను. ఏం చెయ్యను? దారిలో మాన్ దాటాక ముఖ్తార్ అన్న మొదటి మాట, "ఫరో మునిగితే మునిగాడు, మమ్మల్ని కూడా ముంచావు" అని.

మీ అక్క నవ్వలేదు. పక్కకి తిరిగి ఏడ్చింది. అది నాకు కాఫీ కంటే చేదుగా ఉంది.

గత్తాస్


అఖబా,
డిసెంబరు మొదట

బావా,

మీ పేరు ఇప్పుడు గత్తాస్ కాదు, "ఇంకో కప్పు". ఓడరేవులో కూలీలు కూడా అంటున్నారు. సాలిం మిమ్మల్ని అనుకరిస్తూ పీపా మీదెక్కి ప్రసంగం చేసి, చివర్లో ఇంజన్ ఆయిలు డబ్బా ఎత్తి తాగబోతాడు. నవ్వి నవ్వి నాకు పక్కలు నొప్పెట్టాయి. క్షమించండి.

కానీ ఒకటుంది. ఆ గొర్రెల మాట అబూ నాయిఫ్‌ని వదల్లేదు. మొన్న గేటు దగ్గర నిప్పుల మీద కాఫీకుండ పెట్టుకుని కూర్చుని, అందరూ వింటుండగా అన్నాడు. "తాగినవాడు మళ్ళీ అడగలేడు, పద్ధతి పద్ధతే. అయినా ఆయన అడిగితే నేనెలా ఇస్తాను? ఆయన వరసలో లేడు. హోటలువాడు చెప్పాడని లారీలాపితే నా మీసానికి విలువేముంది? వరసలో ఉన్నవాడు ఎవడైనా నా ముందు కప్పు కింద పెట్టాలి. అప్పుడు వింటాను."

ఎవరూ పెట్టలేదు. అందరం కప్పుల్లోకి చూసుకుంటూ తాగేశాం.

ఎందుకో మీకు తెలియదు. కప్పు కింద పెట్టినవాణ్ణి "నీకెందుకు ఈ బాధ?" అని అడుగుతారు. అప్పుడు నిజం చెప్పాలి. స్టీరింగు మీద నిద్రపోయానని ఒక్కసారి బయటపడ్డవాడికి చక్కెర వర్తకుడు ఒక్క బస్తా ఎక్కించడు. వాడి సరుకు భయం వాడిది.

బావా, ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. మీ బోర్డుని కూల్చింది గాలి కాదు, సాతాను కాదు. నేను. ఎర్ర దుప్పటి చూడలేదు, మిమ్మల్ని చూడలేదు, వంతెన చూడలేదు. ఢామ్మని చప్పుడుకి మెలకువ వచ్చింది. చక్రం తిప్పాను. ఆగకుండా పోయాను, వరస పోతుందని.

అక్కకి చెప్పకండి.

ఔదే


ఖత్రానా,
డిసెంబరు

నా ఔదే,

మీ అక్కకి మొదటి రోజే తెలుసు. నాకూ తెలుసు.

పొద్దెక్కాక పోయి చూశాం. రేకు మీద నీ లారీ పచ్చరంగు గీసుకుపోయి ఉంది, సరిగ్గా "విశ్రాంతి" అన్న మాట మీద. స్తంభం విరిగిన చోటునుంచి ఒక మనిషి పడుకునేంత దూరంలో వాగు. ఆ అంచు దాకా నీ చక్రాల జాడ. మీ అక్క అక్కడే కూర్చుండిపోయింది. తర్వాత ఆ రేకు మోసుకొచ్చి వంటింట్లో గోడకి ఆనించింది. నేను తీసెయ్యబోతే చెయ్యి మీద కొట్టింది. "వాడే చెప్పాలి. నువ్వు నోరెత్తావో, పొయ్యి ఆర్పేస్తాను" అని ఒట్టు పెట్టించింది. నోరు మూసుకుని ఉండటం నాకెంత కష్టమో నీకు తెలుసు. రెండు నెలలు మూసుకున్నాను. అందుకే ఆ అబూ నాయిఫ్ ఇంట్లో కట్ట తెగింది కాబోలు.

బిలాముకి దూత అడ్డం నిలిచాడు. నీకు ఒక రేకు బోర్డు అడ్డం నిలిచింది. దాని చప్పుడుకి లేచావు కాబట్టి ఈ ఉత్తరం నీకు రాస్తున్నాను. లేకపోతే సల్మాకి రాసేవాణ్ణి. ఏమని రాసేవాణ్ణో చెప్పు?

ఉల్లిపాయ వాసన సంగతి. సాలిం అన్న మాట నాలో ముల్లులా దిగింది. మీ అక్కతో కూర్చుని తేల్చాం. పడుకునేవాడికి బల్ల, దుప్పటి, నీళ్ళు ఊరికే. తింటే తింటాడు, తినకపోతే పోతాడు. కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దన్న ధర్మం అలసిన డ్రైవరుకి కూడా వర్తిస్తుంది, హోటలువాడికి నచ్చినా నచ్చకపోయినా.

ఇక నీ వంతు. నువ్వు వరసలో ఉన్నావు, నేను లేను. నిజం చెబితే లోడు పోతుందని నీ భయం. పోవచ్చు. పోదని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ అక్కడ కప్పుల్లోకి చూసుకున్నవాళ్ళలో ఎంతమంది కళ్ళు మూసి నడిపారో నీకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఒకడు లేవాలి.

కప్పు కింద పెట్టు. ఫరో జోలికి మాత్రం పోకు.

మీ బావ


అఖబా,
క్రిస్మస్ ముందు ఆదివారం

బావా, అక్కా, ఇద్దరికీ,

పెట్టాను.

పొద్దున్నే గేటు దగ్గర అందరం ఉన్నాం. అబూ నాయిఫ్ కాఫీ పోశాడు. అందుకుని ఇసుకలో పెట్టాను. కొంచెం ఒలికింది.

"ఏంట్రా, వేడిగా ఉందా?" అన్నాడు.

"వేడి కాదు పెద్దాయనా. నాకొక అవసరముంది."

"చెప్పు."

మీలా ప్రవక్తలెవరూ నా నోటికి రాలేదు. "ఖత్రానా వంతెన దగ్గర నిద్రపోయాను. బోర్డుని గుద్దాను. అది లేకపోతే వాగులో ఉండేవాణ్ణి. నాకు నిద్ర కావాలి, నా వరస కూడా కావాలి. రెండూ ఒకేసారి ఇచ్చేది మీరే" అన్నాను. అంతే.

నా పని అయిపోయింది, లారీ అమ్ముకోవాల్సిందే అనుకున్నాను. అప్పుడు సాలిం, మీ దగ్గర బాగా తినే సాలిం, తన కప్పు నా కప్పు పక్కన పెట్టాడు. "నేను హసా దగ్గర. లేచేసరికి రోడ్డుకి అవతలి పక్క, ఎదురొచ్చే లారీల ముందు ఉన్నాను." వాడి వెనక ఇంకొకడు. "నేను నఖబ్ దిగుడులో, దేవుడే బ్రేకు తొక్కాడు." ఇంకొకడు, ఇంకొకడు. ఉన్న కప్పులన్నీ ఇసుకలోకి చేరాయి. కప్పులు అయిపోతే టీ గ్లాసులు తెచ్చి వాటిలో పోయించుకుని మరీ కింద పెట్టారు.

అబూ నాయిఫ్ కాఫీకుండ పట్టుకుని చుట్టూ చూశాడు. "ఓరి మీ ఇళ్ళు బాగుపడ! మొత్తం యార్డే నిద్రలో నడుస్తోందా? ఇంత కాఫీ నేనొక్కణ్ణే తాగితే మీకంటే ముందు నేను పోతాను. సరే! ఇచ్చాను! తాగండి!"

తీర్పు ఇది. ఇకమీదట వరస అఖబా గేటు దగ్గర కాదు, ఖత్రానాలో. ఖాళీగా దిగేవాడు అక్కడ ఆగి వరస చెప్పించుకుని పడుకోవాలి. ఆ వరసలోనే ఇక్కడ లోడు. మధ్యలో ఎవణ్ణయినా దాటి ముందొచ్చి వాలినవాడు అందరికంటే చివరికి పోతాడు. వరస చెప్పడానికి అబూ నాయిఫ్ తమ్ముడు మీ హోటలు ముందు కూర్చుంటాడు. మీరు కాదు. "ఆయన మాటల్లో పడి ఎవడు ముందొచ్చాడో మర్చిపోతాడు" అన్నాడు.

నష్టం లేదని చెప్పను బావా. అందరికీ ట్రిప్పులు తగ్గుతాయి. సల్మా ఫ్రిజ్ ఇంకో ఏడాది ఆగుతుంది. "నువ్వు ఆగి నిద్రపో, ఫ్రిజ్ కూడా ఆగుతుందిలే" అంది. చక్కెర వర్తకుడు గేటు దాకా వచ్చి కేకలేశాడు, సరుకు ఆలస్యమైతే వేరేవాళ్ళని పిలుస్తానని. అబూ నాయిఫ్ అన్నాడు, "పిలువు. ఇక్కడ ఎవడూ పరిగెత్తడం లేదు. ఒంటెల్ని పిలుస్తావా?" వర్తకుడు కేకలు మాని కాఫీ అడిగాడు.

నాకు లోడు ఎక్కించాడు కూడా. నిద్రపోయానని చెప్పినవాడు ఇకనైనా మేలుకుని ఉంటాడట.

వచ్చే శుక్రవారం నుంచి కొత్త వరస.

ఔదే


ఖత్రానా,
క్రిస్మస్ వారం

ఔదే, మీ అక్క ప్రాణమా,

ముందున్నవారు వెనక్కి, వెనకున్నవారు ముందుకి! ప్రభువు చెప్పిన మాట ఇన్నాళ్ళకి లారీల యార్డులో నెరవేరింది, అదీ నేను నోరు మూసుకున్నాక. నీ ఉత్తరం హోటల్లో గట్టిగా చదివాను. షేక్ ముఫ్లిహ్ లేచి నా ముందు కాఫీ పెట్టి, "ఇప్పుడు తాగు" అన్నాడు. మీ అక్క నవ్వింది. అక్టోబరు తర్వాత ఆ నవ్వు వినడం ఇదే.

బల్లలు బారుగా వేశాం. దుప్పట్లు ఉతికాం. ఎర్రది నీకే.

కానీ ఒక చిక్కు! నిన్న రాత్రి సాలిం, వాడితో ఇంకొకడు, ముందుగానే వచ్చి ఆగుదామనుకున్నారట. పగలైతే సాలింకి తెలిసిన చోటే, చీకట్లో మాత్రం ఆనవాలు దొరక్క హోటలు దాటిపోయి, హసా దాకా పోయి, తిట్టుకుంటూ వెనక్కి తిరిగారు. ఎందుకని? దారిలో బోర్డు లేదు! ఈ శుక్రవారం లారీలన్నీ దిగుతాయి. అలిసినవాడికి ఎక్కడ తిరగాలో ఎవరు చూపిస్తారు? నేను దుప్పటి ఊపుతూ నిలబడాలా?

మీ అక్క వంటింట్లోంచి ఆ పాత రేకు ఇచ్చింది. వంకర సరిచేశాను. నీ పచ్చరంగు గీత మాత్రం చెరపనివ్వలేదు, అదలాగే ఉండాలట. స్తంభం కొన్నాను. గొయ్యి మాత్రం తవ్వలేదు. కూల్చినవాడే నిలబెట్టాలి.

పార గోడకి ఆనించి ఉంది. త్వరగా రా అని రాసి మీ అక్క చేత చీవాట్లు తిన్నాను, కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను. నెమ్మదిగా రా. మందనడకన రా. నిద్రొస్తే మాన్‌లో ఆగి పడుకుని రా. కానీ బయలుదేరడం మాత్రం ఈ రోజే. ఈ కాగితం మడత పెట్టకముందే లే, లారీ ఎక్కు, ఈ రోజే!